మిషన్ మీద అన్నం

బస్సు కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ నేను డ్యూటీలో నీళ్లు తాగేదాన్ని కాదు. చిత్తూరు నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి చిత్తూరుకు తిరిగే బస్సు మాది. కాణిపాకం పోయే జనంతో ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది. మగ కండక్టరయితే బస్సు ఒక పక్కన ఆపించి చెట్టుచాటుకు పోయి వస్తాడు. ఆడదానికి ఆ వీలు ఎక్కడిది? పొద్దున్నే ఇంట్లో ఒక గ్లాసు తాగి బయల్దేరితే, మళ్లీ డ్యూటీ దిగి ఇల్లు చేరాకే చెంబెత్తేదాన్ని. మే నెల ఎండలో నాలుక అంగిట్లో అతుక్కుపోతున్నా టికెట్లు కొడుతూనే ఉండేదాన్ని. దాహం నన్నేమీ చేయలేదని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కిడ్నీలు రెండూ పోయాయని తెలిసినప్పుడు, అందువల్లే ఇట్లా అయిందా అని డాక్టరును అడిగాను. అయి ఉండొచ్చు, కాకపోయీ ఉండొచ్చు అన్నాడు. బీపీ చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందని, నేను చూపించుకోలేదని చెప్పాడు. కారణం తెలిసినా పోయినవి తిరిగి రావు కదా అని నేను మళ్లీ అడగలేదు. అమ్మ తన కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చింది. ఆమెకు షుగరు. పనికిరాదన్నారు. తమ్ముడిది సరిపోలేదు. ఇక మిగిలింది డయాలసిస్ ఒక్కటే. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి నాలుగు గంటలు. మాది కాణిపాకం పక్కన పల్లె. ఆ సమయంలో చిత్తూరులో ఖాళీ లేదన్నారు కాబట్టి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో చేరాను. ఏ రోడ్డు మీద టికెట్లు కొట్టానో అదే రోడ్డు మీద టికెట్ కొనుక్కుని పోయేదాన్ని. పక్కన మా ఆయన.

మొదటి రోజు ఏమీ తినకుండా వెళ్లాను. ఆపరేషన్ లాంటిదేమో, ఖాళీ కడుపుతో ఉండాలేమో అనుకున్నాను. పొడుగాటి హాలు. రెండు వైపులా మంచాలు, ప్రతి మంచం పక్కన మనిషి ఎత్తు మిషను. చలి. నా ఎడమ చేతికి రెండు లావు సూదులు గుచ్చి, ఒక గొట్టంలోంచి రక్తం బయటికి, ఇంకో గొట్టంలోంచి లోపలికి పోయేటట్టు పెట్టారు. నా రక్తం నా ఎదురుగా గిరగిరా తిరుగుతోంది. చూడలేక తల పక్కకు తిప్పుకున్నాను.

పక్క మంచం మీద అరవై దాటిన మనిషి. బక్కగా, నల్లగా ఉన్నాడు. ఆయన భార్య స్టూలు మీద కూర్చుని ఒళ్లో డబ్బా తెరిచింది. నిమ్మకాయ చిత్రాన్నం. వేయించిన చెనిగ్గింజల వాసన ఒక్కసారిగా నా ముక్కుకు కొట్టింది. నా ముఖం ఎట్లా మారిందో తెలియదు కానీ ఆయన చూసేశాడు.

"తిని వచ్చినావా మ్మా?" అని అడిగాడు.

"లేదన్నా. తినకూడదేమో అనుకున్నా."

"ఎవురు చెప్పినారు నీకు? ఈడ మిషన్ మీద ఉండేటప్పుడే తినాల. ఇంట్లో తింటే విషం. ఈడ తింటే అంతా ఇది లాగేస్తాది" అని కుడిచేత్తో మిషన్ను తట్టాడు, ఇంట్లో ఎద్దును తట్టినట్టు. తర్వాత భార్య వైపు తిరిగి, "ఏమ్మే, ఆ పాపకు రొంత పెట్టు" అన్నాడు.

ఆమె డబ్బా మూతలో నాలుగు ముద్దలు పెట్టి నాకిచ్చింది. ఉప్పు లేదు. చిత్రాన్నానికి ఉప్పు లేకపోతే ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అయినా మొత్తం తిన్నాను.

వాళ్లది నగరి పక్కన మగ్గాల ఊరు. ఆయన మరమగ్గం మీద లుంగీలు నేసేవాడు. మగ్గాల చప్పుడులో బతికినందుకేమో గట్టిగా మాట్లాడేవాడు. అప్పటికే చాలా ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. నేను ఆయన్ను అన్నా అని, ఆమెను వదినా అని పిలవడం ఆ రోజే మొదలైంది.

ఆ హాలులో అప్పట్లో అందరూ తినేవాళ్లు. మిషన్ ఎక్కించిన మొదటి గంటలో కొంచెం తేలికగా తింటే నర్సులు చూసీచూడనట్టు ఉండేవారు. మంచం మంచం దగ్గరా డబ్బాలు తెరుచుకునేవి. ఉప్మా, పెరుగన్నం, ఉడికించిన కోడిగుడ్డు, అరటిపండులో చిన్న ముక్క. ఇంట్లో రోజంతా భయపడి అణచుకున్న కోరికను దాచిపెట్టుకుని అక్కడికి తెచ్చుకునేవాళ్లు. మిషన్ పక్కనే ఉంది కదా అన్న ధైర్యం. అది పూర్తిగా నిజం కాదని నర్సులు చెప్పేవారు. తిన్నది అరిగి రక్తంలో కలిసేలోపలే మిషన్ దిగిపోతామని, అదీగాక తిండి పడగానే రక్తమంతా కడుపు వైపు పరిగెత్తి బీపీ పడిపోతుందని. మేం తలలూపి వినేవాళ్లం. విని, తినేవాళ్లం.

ఎడమచేయి కదపకూడదు. కుడిచేత్తో తినొచ్చు కానీ పడుకుని, చెయ్యి చాచి, దుప్పటి మీద పడకుండా తినడం కష్టం. అందుకని తోడొచ్చినవాళ్లే తినిపించేవాళ్లు. వదిన చిన్న చిన్న ముద్దలు చేసి ఆయన నోట్లో పెట్టేది. ఆయన నములుతూ మాట్లాడేవాడు. "మాట్లాడొద్దు, పొలమారతాది" అని ఆమె కసిరేది. మా ఆయన మొదట్లో సిగ్గుపడ్డాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు మంచినీళ్లు అందించింది కూడా లేదు. పల్లెలో ఆటో తోలుకునే మనిషి. నలుగురిలో పెళ్లానికి ముద్ద పెట్టడమంటే ఎట్లా? రెండో వారంలో కాబోలు, నా చేతిలోంచి చెంచా జారి కింద పడింది. ఆయన అటూ ఇటూ చూసి, చేయి కడుక్కొచ్చి, పెరుగన్నం ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టాడు. చాలా పెద్ద ముద్ద. నోట్లో పట్టలేదు. పక్క మంచం మీంచి అన్న నవ్వాడు.

"అప్పా, గడ్డి పెడతాండావా ఏంది ఆవుకు? చిన్నగా పెట్టు."

మా ఆయన కూడా నవ్వేశాడు. ఆ హాలులో నేను మనస్ఫూర్తిగా నవ్విన రోజుల్లో అదొకటి. అట్లాంటివి ఎక్కువ లేవు.

తిండి సంగతి ఎట్లాగో సర్దుకున్నాం. మా ఆయన వంట నేర్చుకున్నాడు. కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, గంటలకొద్దీ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించి, ఆ నీళ్లు కూడా పారబోసి, మిగిలినదాన్ని నాకు పెట్టేవాడు. దాన్ని కూర అనాలి. రాగిసంగటి వద్దన్నారు. అందులోకి నంజుకునే ఊరిబిండి వద్దన్నారు. చింతపండు, టెంకాయ, ఆకుకూర, అన్నీ వద్దు. సంగటి లేని ఇల్లు మాకు తెలియదు. నాతోపాటు ఆయనా మానేశాడు. అడిగితే, "ఒక్కడికే ఏం కెలుకుతాంలే" అన్నాడు.

నీళ్లతోనే సర్దుకోలేకపోయాను. మూత్రం రావడం ఆగిపోయింది కాబట్టి తాగిన ప్రతి చుక్కా లోపలే ఉండిపోతుంది. కాళ్లు ఉబ్బుతాయి, తర్వాత ముఖం, తర్వాత ఊపిరితిత్తులు. మందు వేసుకోవడానికి, కాఫీకి, మజ్జిగకు అన్నీ కలిపి రోజంతటికీ ఒక చిన్న సీసా. పొద్దున్నే మా ఆయన ఆ సీసా నింపి కిటికీలో పెట్టేవాడు. నేను దాని చుట్టూ తిరిగేదాన్ని. మధ్యాహ్నానికే సగం అయిపోయేది. మిగిలిన సగాన్ని చూస్తూ సాయంత్రం దాకా గడపాలి. ఐసు ముక్క చప్పరించమన్నారు. నిమ్మచెక్క నాకమన్నారు. ఏం చేసినా నాలుక మీద ఇసుక పోసినట్టే ఉండేది. బస్సులో దాహాన్ని గెలిచానని అనుకున్నాను కదా, అప్పుడు సాయంత్రానికి చెంబు ఉందన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకమే నన్ను మోసిందని ఇప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఏ సాయంత్రానికీ చెంబు లేదు. ఇంటి ముందు వీధి కొళాయి వచ్చినప్పుడు ఆడవాళ్లు బిందెలు పెట్టి కబుర్లాడుకుంటుంటే, నిండి పొర్లిపోయే నీళ్ల చప్పుడు వినలేక తలుపు వేసుకునేదాన్ని.

ఒక సోమవారం బరువు చూసే మిషన్ మీద నిలబడితే సిస్టరు కోప్పడింది. "ఇంత నీరు ఎట్లా ఎక్కింది మ్మా? ఎన్ని నీళ్లు తాగినావు?" అని అడిగింది. నేను తలొంచుకున్నాను. పక్కనుంచి అన్న అందుకున్నాడు. "ఎండ సూడు సిస్టరూ ఎట్లుండాదో. తిరుపతి కొండే ఆవిర్లు కక్కతా ఉండాది. మనిషి తాగడా?" సిస్టరు నవ్వి ఊరుకుంది. నీరంతా ఒక్కసారిగా లాగేసరికి ఆ రోజు నా పిక్కలు పట్టేశాయి. కాళ్లు కొయ్యలైపోయి అరిచాను. మా ఆయన, వదిన చెరో కాలూ పట్టుకుని పాదాలు వెనక్కి వంచారు. అన్న పడుకునే అటు నుంచి, "అయిపోయింది మ్మా, అయిపోయింది, ఇంక రొంతే" అంటూనే ఉన్నాడు.

ఆయనకు తిండి మీద ఆశ చాలా ఎక్కువ. మాట్లాడితే తిండి గురించే. నగరిలో ఏ సందులో ఏ హోటల్లో పొద్దున్నే పొంగల్ బాగుంటుంది, మార్గశిర మాసంలో అనపగింజలు పితికి పులుసు పెడితే సంగటి ఎట్లా దిగుతుంది, వాళ్లమ్మ మట్టిదాకలో చేసే కుళంబు, అంటే చేపల పులుసు, మరుసటి రోజుకు ఎట్లా రుచి ఎక్కేది. "ఊరుకో, అందరికీ నోరూరుతా ఉండాది" అని వదిన అనేది. "ఊరనీ మే. ఆ నీళ్లకైనా సీసా లెక్క లేదు గదా" అనేవాడు.

ఎండాకాలంలో బంగారుపాళ్యం నుంచి మా తమ్ముడు సిస్టర్లకు ఇమ్మని ఒక బుట్ట బేనీషా మామిడిపండ్లు పంపాడు. మా ఆయన బుట్ట తెచ్చి నా మంచం కింద పెట్టాడు. హాలంతా వాసన. మాకందరికీ తెలుసు, మామిడిపండు మాకు ఏం చేస్తుందో. గుండె ఆపేస్తుంది. కాసేపటికి అన్న గొంతు తగ్గించి, "మ్మా, ఒకటి ఇట్లియ్యి" అన్నాడు.

"వద్దు. ఇయ్యొద్దు మ్మే" అంది వదిన.

"తినను. ఒట్టు. పట్టుకుంటా, అంతే."

నేను ఒక పండు ఇప్పించాను. ఆయన దాన్ని కుడి అరచేతిలో పెట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు మాట్లాడలేదు. టిఫిన్ కూడా వద్దన్నాడు. మధ్యమధ్యలో బొటనవేలితో ఆ పండు తొడిమ దగ్గర నిమిరేవాడు. మిషన్ దింపేదాకా అది చేతిలోనే ఉంది. చేతి వేడికి పండు మెత్తబడింది. వెళ్లేటప్పుడు నాకు తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో అన్నా, ఇంట్లో ఎవురికన్నా ఇయ్యి" అన్నాను. "వద్దు మ్మా. ఇంట్లో ఉంటే తింటా" అని బుట్టలో పెట్టేశాడు. వదిన ఆయన ముఖం వైపు చూడకుండా ఆయన కాళ్లకు చెప్పులు తొడిగింది.

వానలు మొదలైన తర్వాత అది జరిగింది. ఆ రోజు వదిన పొంగల్ తెచ్చింది. ఉప్పు లేదు కానీ మిరియాలు, నెయ్యి బాగా వేసినట్టుంది. ఆయన ఆబగా తిన్నాడు. ఏదో చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ మాట ఆగింది. నేను తిరిగి చూసేసరికి ఆయన ముఖం బూడిద రంగులోకి మారిపోయింది. కళ్లు తేలేశాడు. నోట్లో ఇంకా ముద్ద ఉంది. అది గొంతుకు అడ్డం పడింది. వదిన డబ్బా వదిలేసి ఆయన గడ్డం పట్టుకుని, "ఉమ్మెయ్, ఉమ్మెయ్" అని అరిచింది. సిస్టర్లు పరిగెత్తుకొచ్చారు. మంచం తల కిందికి దించి, కాళ్లు పైకెత్తి, ఆయన్ను పక్కకు తిప్పి, నోట్లో వేళ్లు పెట్టి తీశారు. సెలైను వదిలారు. నా చేతికి సూదులుండి నేను లేవలేను. మంచం అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. చాలాసేపటి తర్వాత ఆయన దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. నేల మీద పొంగల్ మీద అందరూ అడుగులేస్తున్నారు.

బతికాడు. కానీ మా తర్వాతి డయాలసిస్ రోజున పెద్ద డాక్టరు వచ్చి, ఇకమీదట హాలులో ఎవరూ ఏమీ తినకూడదు, తాగకూడదు, తోడొచ్చినవాళ్లు బయటే కూర్చోవాలి అని చెప్పాడు. డాక్టరును తప్పు పట్టడానికి లేదు. కళ్లారా చూసినవాళ్లం. అయినా ఆ మాట విన్నప్పుడు హాలులో అందరి ముఖాలూ ఒకేలా వాడిపోయాయి. "ఏం సార్, జైల్లో కూడా కూడు పెడతారే" అన్నాడు అన్న. డాక్టరు కోపం తెచ్చుకోలేదు. "మీ ప్రాణం కోసమే పెద్దాయనా" అని ముందుకు పోయాడు.

అప్పటి నుంచి నాలుగు గంటలు ఊరికే పడుకోవడమే. ముద్ద పెట్టే చేయి లేదు, కసురుకునే గొంతు లేదు. మిషన్ల చప్పుడు ఒక్కటే. అద్దాల తలుపు అవతల బెంచీ మీద మా ఆయన, వదిన, ఇంకా నలుగురు, ఒళ్లో డబ్బాలు పెట్టుకుని మా వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. మేం దిగాక బయటికొచ్చి తినొచ్చు. కానీ దిగాక ఒంట్లో ప్రాణం ఉండదు. తల తిరుగుతుంది, నోరు చేదు, చేయి ఎత్తాలంటే బరువు. బెంచీ మీద కూర్చుని నాలుగు మెతుకులు కతికి బస్సెక్కేదాన్ని. అన్న అయితే గోడకానుకుని కళ్లు మూసుకునేవాడు. వదిన డబ్బా తెరిచి, మళ్లీ మూసేది.

క్రమంగా ఆయనకు తిండి మీద ఆశ పోయింది. మొదట రుచి పోయింది. "ఏం తిన్నా ఇనుము నాకినట్టుండాది" అనేవాడు. తర్వాత వాసన పడలేదు. వదిన రోజుకొకటి చేసుకొచ్చేది. దోసె, సేమ్యా, పలచటి రసంతో అన్నం. తెగించి ఒకరోజు అనపగింజల పులుసు చిన్న గిన్నెలో తెచ్చింది. డాక్టరు చూస్తే తిడతాడని కొంగు చాటున పెట్టుకుని, బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, మూత తీసి చూపించింది.

"సూడు, నీకోసరం తెచ్చినా. ఒక్క చుక్క నాలిక మీద ఏసుకో."

ఆయన వాసన చూసి తల అటు తిప్పుకున్నాడు. "మూసెయ్ మే. కడుపులో తిప్పతా ఉండాది."

అన్ని నెలలుగా వద్దు వద్దు అని పోట్లాడిన మనిషి, తిను అని బతిమాలింది. ఆయన తినలేదు. ఆ పులుసును ఆసుపత్రి వెనక కాలవలో పారబోసి, గిన్నె కడుక్కుని వచ్చింది.

చలికాలం చివర్లో ఒకరోజు మిషన్ మీద పడుకుని ఉండగా ఆయన నన్ను పిలిచాడు. అప్పటికి గొంతు బాగా తగ్గిపోయింది. మెడ చాచి వినాల్సి వచ్చింది.

"మ్మా, నేను బుధవారం రాను."

"ఊరికి యాడికన్నా పోతాండావా అన్నా?"

"యాడికీ పోను. ఇంక ఈడికి రాను, అంతే."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక భయమేసింది. "అట్లనొద్దన్నా. రాకపోతే ఏమైతాదో తెలుసు గదా నీకు" అన్నాను.

"తెలుసు. ఎన్నేండ్లుగా ఉండాను ఈడ, తెలీదా? ఇన్నాళ్లు వచ్చిందంతా ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని పడుకుందామనే మ్మా. ఇప్పుడు ఆకలే లేదు. దేనికోసరం రావాల?"

"వదినకు చెప్పినావా?"

"చెప్పినా. ఏడ్చింది. ఆమె కూడా అలిసిపొయ్యింది మ్మా."

ఏమని చెప్పాలి? ఏదో ఒకరోజు బాగవుతుందనా? అది అబద్ధమని ఆ హాలులో అందరికీ తెలుసు. పిల్లల కోసమనా? కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లు అయిపోయాయి. సిస్టరు కూడా ఆ రోజు ఆయన దగ్గర చాలాసేపు నిలబడింది. డాక్టరు వచ్చి నచ్చజెప్పాడు. ఆయన అన్నిటికీ తలూపాడు. దిగాక బయటికొచ్చి, మా ఆయన భుజం మీద చేయి వేసి, "పోయొస్తానప్పా" అన్నాడు. బుధవారం రాలేదు. శుక్రవారం ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు.

తర్వాత ఒక వారానికి వదిన ఫోన్ చేసింది. నాలుగు మాటలే చెప్పింది. దినం రోజు నేను, మా ఆయన బస్సులో నగరికి పోయాం. వాళ్ల ఊర్లో దిగగానే మగ్గాల చప్పుడు. వాళ్లింట్లో మగ్గం మాత్రం ఆగిపోయి, దాని మీద ఒక దుప్పటి కప్పి ఉంది.

పెరట్లో కాకికి పెట్టడానికి అరిటాకు వేశారు. ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టమని కూతుళ్లు అన్నీ చేశారు. పొంగల్, వడ, చేపల కుళంబు, అరటిపండ్లు, టెంకాయ ముక్కలు, పక్కన నిండు చెంబు నీళ్లు. ఇన్నేళ్లు ఆయనకు వద్దన్నవన్నీ ఒకే ఆకులో. కాకులు మామూలుగానే వచ్చి వాలాయి. ముట్టాయి. బంధువులు తృప్తిగా, "తిన్నాడు, తిన్నాడు" అన్నారు. నాకు తృప్తి కలగలేదు. కాకులు పొంగల్ను చెల్లాచెదరు చేస్తుంటే లోపలికి వచ్చేశాను.

వదిన నన్ను వంటింట్లోకి పిలిచి చివరి రోజుల గురించి చెప్పింది.

"రాను అన్న్యాక మొదటి రోజు బాగుండె మ్మే. పొద్దన్నే నీళ్లియ్యి అన్న్యాడు. నాకు అలవాటు గదా, ఎంత అని అడిగినా. చెంబు ఇయ్యి అన్న్యాడు. గటగటా తాగినాడు. ఎన్నేండ్లయిందో ఆయన అట్ల తాగి. నేను సూస్తా నిలబడినా. చెంబు దించి, నా తట్టు సూసి, ఏమన్న్యాడో తెలుసా? దాహం తీరలేదు మే అన్న్యాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంకో చెంబిచ్చినా. టెంకాయ బోండాల ఎలనీరు తెప్పించినా. ఎంత తాగినా నోరు ఎండిపోతా ఉండాది అనేవాడు. మూడోనాటికి తాగింది లోపల నిలబడిపొయ్యింది. పండుకుంటే ఊపిరాడదు. గోడకానించి కూసోబెట్టి ఈపు రుద్దతా కూసున్న్యా. ఆడికీ నీళ్లే అడిగినాడు. ఇచ్చినా. ఏంటికి ఇయ్యకూడదు ఇంక?"

నేను ఆమె చేయి పట్టుకున్నాను. నిశ్శబ్దంగా పోయాడని, నిద్రలో పోయాడని వింటానేమో అనుకుని వచ్చాను. తనివితీరా తాగి పోయుంటాడని దారిపొడుగునా నన్ను నేను ఓదార్చుకున్నాను. అదీ జరగలేదు.

బయట పంక్తి వేస్తున్నారు. నేను లేవబోతే వదిన ఆపింది. పొయ్యి పక్కన మూత పెట్టిన రెండు గిన్నెలు దగ్గరికి లాగింది.

"నువు వస్తావని తెలుసు. నీకు వేరే వండినా. ఉప్పెయ్యలా. సొరకాయ నీళ్లు వంపేసినా, భయపడొద్దు."

అంత దుఃఖంలో, అన్ని పనుల మధ్య, ఆమె నాకోసం కూరగాయలు నానబెట్టి నీళ్లు పారబోసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె రెండు కంచాలు పెట్టింది. రెండింట్లోనూ అదే అన్నం, అదే కూర.

"నువ్వేంటికి వదినా ఇది? నువ్వు మామూలుది తిను" అన్నాను.

"ఎన్నేండ్లు ఆయనతో పాటు ఇదే తిన్న్యా మ్మే. ఇద్దరికి ఏమని రెండు తూర్లు వండేది? ఇప్పుడు ఉప్పు తగిలితే నోరు మండతా ఉండాది. నిన్న కూతురు పప్పు పెడితే ఉమ్మేసినా" అంది. ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చుని చప్పిడి కూడు తిన్నాం. అవతల బంధువులు వడలు అడుగుతున్నారు, నీళ్లు అడుగుతున్నారు. ఆమె నాకు ఒక చిన్న గ్లాసు నీళ్లు పెట్టి, "మందేసుకునేదానికి" అంది.

తిరుగు ప్రయాణంలో మా ఆయన పుత్తూరు దాటాక, "నువ్వు అట్ల జెయ్యొద్దు" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. దేని గురించి అంటున్నాడో నేను అడగలేదు. చెయ్యననీ చెప్పలేదు.

ఈ మధ్య మా ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. బీపీ నిలకడగా ఉన్నవాళ్లు మొదటి గంటలో తేలికగా ఏదైనా తినొచ్చని, మరీ ఆకలితో ఉంచితే నీరసించిపోతారని, కానీ కూర్చుని, మాట్లాడకుండా తినాలని, తోడొచ్చినవాళ్లు కూడా లోపల ఉండొచ్చని చెప్పాడు. ఆ మాట వినగానే మా ఆయన ముఖంలో ఎన్నాళ్లకో వెలుగు చూశాను. నేను పిలుస్తున్నా వినకుండా మెట్లు దిగి ఎదురు హోటలుకు పోయి వేడివేడి దోసె కట్టించుకొచ్చాడు. ఉప్పు తక్కువ వేయమని చెప్పానన్నాడు. పొట్లం విప్పి, చిన్నగా తుంచి, నా నోటి దగ్గర పెట్టాడు. ఇప్పుడు ఆయనకు ఎంత ముక్క తుంచాలో బాగా తెలుసు.

నాకు ఇనుము వాసన వచ్చింది.

ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. "ఆకలి లేదు, నువ్వు తిను" అన్నాను. ఆయన కాసేపు అట్లాగే చేయి చాచి నిలబడ్డాడు. తర్వాత పొట్లం మడుచుకుని బయటికి పోయాడు. అద్దాల తలుపు అవతల బెంచీ పక్కన నిలబడి, నాకు వీపు పెట్టి, ఆ దోసె తిన్నాడు. తొందర తొందరగా, ఎవరో లాక్కుంటారన్నట్టు. హాలులో మిగతా మంచాల మీద ఎవరూ ఏమీ తినడం లేదు. కొందరు నిద్రపోతున్నారు. కొందరు పైకప్పు చూస్తున్నారు. ఆయన చేయి కడుక్కుని లోపలికొచ్చి, దుప్పటి నా పాదాల మీదికి లాగి, స్టూలు మీద కూర్చున్నాడు.

"బాగుండిందా?" అని అడిగాను.

"ఆ, బాగుండాది" అన్నాడు.